మాస్టారి సీడీ కోసం మళ్లీ ఎక్స్‌పీ

విజయనగరం గంటస్తంభం దగ్గర మా డీటీపీ షాపు. అద్దె గది, రెండు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటరు. కిందటి నెల నెల్లిమర్ల నుంచి ఓ రిటైర్డ్ మాస్టారు వచ్చారు. రామతీర్థంలో పాడుకునే భజన పాటలు ఆయన రాస్తే, 2006లో ఆ పుస్తకం కంపోజ్ చేసింది నేనే. అప్పుడిచ్చిన సీడీని పంచాంగం మధ్యలో పెట్టి ఇన్నేళ్లూ దాచారాయన.

"ఇంకో పన్నెండు పాటలు రాశాను నాయనా, కలిపి మళ్లీ వేయించాలి" అన్నారు.

సీడీ చదివింది, అదే గొప్ప. విండోస్ 10లో పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7ను ఎలాగో ఎక్కించి ఉంచాను కాబట్టి ఫైలు కూడా తెరుచుకుంది. డీటీపీలో వాడే అను తెలుగు ఫాంట్లలో అక్షరాలు చక్కగానే కనబడ్డాయి. దిద్దుదామని కీ నొక్కితే మాత్రం తెలుగు పడదు. ఆ ఫాంట్లలో తెలుగు టైపు చేయించే కీబోర్డు మేనేజర్ నా దగ్గరున్నది పాత విండోస్ ఎక్స్‌పీ కాలం నాటిది, కొత్త విండోస్‌లో ఎక్కనంటే ఎక్కనంది. ఇప్పుడు ఫోన్లలో, నెట్‌లో వాడే యూనికోడ్‌లోకి మార్చి చూశాను. ఒత్తులు చెల్లాచెదురయ్యాయి. 96 పేజీలకు మళ్లీ ప్రూఫు చూడటం కన్నా ఎక్స్‌పీ ఎక్కించడమే నయమనిపించింది. విండోస్ 10 లోపలే ఎక్స్‌పీ నడిచేలా వర్చువల్ మెషిన్ పెట్టుకో మావయ్యా అన్నాడు మేనల్లుడు. నాలుగు జీబీ ర్యామ్‌తో రెండు విండోస్‌లు ఒకేసారి నడిపితే పేజీకో టీ తాగాలి.

పాతది ముందు, కొత్తది తర్వాత ఎక్కించాలన్న సంగతి నాకు తెలియంది కాదు. కొత్త విండోస్‌కి పాతదాని గురించి తెలుసు, మెనూలో దానికీ చోటిస్తుంది. ఎక్స్‌పీకి తన తర్వాత పుట్టినవాళ్లెవరో తెలీదు. కానీ నా పదేళ్ల పని విండోస్ 10లో ఉంది, దాన్ని తీసేసి మొదలుపెట్టలేను. నా మిషన్ని లేపేది పాత బయోస్ ప్రోగ్రామే, హార్డ్‌డిస్కు భాగాలు కూడా పాత ఎంబీఆర్ పద్ధతిలోనే ఉన్నాయి. వాటి బదులు యూఈఎఫ్‌ఐ, జీపీటీ ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లో అయితే ఈ పని జోలికే వెళ్లేవాణ్ణి కాదు.

శనివారం రాత్రి షట్టరు దించి కూర్చున్నాను. ముఖ్యమైనవన్నీ బయటి డిస్కులోకి కాపీ చేశాను. ఫాస్ట్ స్టార్టప్ ఆపేశాను. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, ఆ స్థితిలో డ్రైవుల్ని ఇంకో విండోస్ ముట్టుకుంటే ఫైళ్లు పాడవుతాయి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 40 జీబీ విడగొట్టి ఎక్స్‌పీ సీడీ పెట్టాను. కాసేపటికి నీలం తెర, చివర 7బీ అన్న ఎర్రర్. సాటా డిస్కుని ఏహెచ్‌సీఐ పద్ధతిలో చదివే డ్రైవరు ఆ సీడీలో లేదు. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌పీకి తెలిసిన పాత ఐడీఈ పద్ధతికి మార్చాను.

ఇక సెటప్ సాఫీగా సాగింది. ఎఫ్8 నొక్కి లైసెన్సు షరతులకు ఒప్పుకోవడం, తర్వాత "39 నిమిషాలు" అన్న ఆ పాత అంకె. ఆ 39 నిమిషాలు ఎప్పుడూ 39 కాదు, 2001 నుంచీ అంతే. రీస్టార్ట్ అయ్యాక ఎక్స్‌పీ తెర మీది ఆ పచ్చటి కొండ వచ్చింది. సంతోషంగా మళ్లీ రీస్టార్ట్ చేస్తే మళ్లీ అదే కొండ. విండోస్ 10 ఊసే లేదు. గుండె గుభేలుమంది. జీఎస్టీ బిల్లులన్నీ అందులోనే.

నిజానికి పోయిందేమీ లేదు. కొత్త విండోస్‌ని లేపే బూట్ సెక్టారు మీద ఎక్స్‌పీ తనను లేపే ఎన్‌టీఎల్‌డీఆర్ అనే ఫైలుని పిలిచే కోడు రాసేసింది, అంతే. వాకిట్లో కాపలావాడు మారాడు, ఇల్లు అక్కడే ఉంది. విండోస్ 10 పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, షిఫ్ట్ ఎఫ్10 నొక్కి కమాండ్ విండో తెరిచి, బూట్‌సెక్ట్ కమాండుతో పాత కాపలావాణ్ణే తిరిగి కూర్చోబెట్టాను. మళ్లీ నీలం తెర! ఈసారి కారణం నేను మార్చిన ఐడీఈ. బూట్ సెట్టింగులు మార్చే బీసీడీఎడిట్ కమాండుతో సేఫ్ మోడ్ పెట్టి ఒకసారి లేపితే కొత్త డ్రైవరు పట్టుకుంది, ఆ సేఫ్ మోడ్ గుర్తు తీసేశాక మామూలుగా లేచింది. ఎక్స్‌పీకి ముందే ఈ పని చేసుంటే ఆ టెన్షన్ తప్పేది. చివరగా బీసీడీఎడిట్‌తోనే ఎక్స్‌పీకి మెనూలో ఒక వరుస చేర్చాను.

తెల్లారాక ఇంకోటి గమనించాను. ఏదైనా తేడా వస్తే పాత స్థితికి వెళ్లడానికి విండోస్ 10 దాచుకునే రిస్టోర్ పాయింట్లన్నీ మాయం. ఎక్స్‌పీకి ఆ కొత్త పద్ధతి అర్థం కాదు, అది లేచినప్పుడల్లా వాటిని తుడిచేస్తుంది. ఇంకేం చేస్తాం. 2014 ఏప్రిల్ 8తోనే ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆగిపోయింది కాబట్టి, ఎక్స్‌పీలోకి వెళ్లే ముందు నెట్ వైరు పీకేస్తున్నాను.

సోమవారం మాస్టారు తన పాత కాపీ తెచ్చారు. ప్రతి పేజీలో ఎర్ర ఇంకు దిద్దుబాట్లు. అను ఫాంట్లకు వాడే యాపిల్ అనే తెలుగు కీబోర్డు అమరికను నా వేళ్లు మరిచిపోలేదు, సాయంత్రానికల్లా అన్నీ దిద్దేశాను. నలభై ఒకటో పేజీలో ఒక దీర్ఘం దగ్గర ఆయన చూపుడువేలు ఆగింది.

"ఇది మాత్రం ఉంచెయ్ నాయనా. మా భజనోళ్లు ఇలాగే పాడడం అలవాటైపోయింది."