పక్కింటి తెలుగు, మా ఇంటి ఇండియన్

మారిషస్‌కు వచ్చి 14 ఏళ్లయింది. ఇన్నేళ్లలో ఇక్కడ నన్ను తెలుగుదానిగా లెక్కపెట్టినవారు ఒక్కరూ లేరు. మా పక్కింటి పెద్దావిడ మొదటి పరిచయంలోనే ఆ సంగతి తేల్చేశారు. తాను తెలుగట, నేను ఇండియనట. ఆ మాట ఆవిడ ఇక్కడి వాడుక భాష అయిన క్రియోల్‌లో చెప్పారు, ఎందుకంటే రామభజన పాటలు, పండుగల పేర్లు, వంటింటి మాటలు ఓ పిడికెడు తప్ప ఆవిడకు తెలుగు రాదు. ఊహ తెలిసినప్పటి నుంచి తెలుగే మాట్లాడుతున్న నేను, నాకు తెలుగు అన్న పేరు చెల్లదని చెప్పే ఆ వాక్యానికి అర్థం మర్నాడు ఆఫీసులో తోటి ఉద్యోగిని అడిగి తెలుసుకోవలసి వచ్చింది.

ఆ ఉక్రోషం చల్లారడానికి కొన్నేళ్లు పట్టింది. ఈ దేశంలో తెలుగు అంటే ముందుగా ఒక సమాజం పేరు. మీ తాత ఏ గుడికి చందా ఇచ్చాడు, మీ ఇంట్లో సింహాద్రి అప్పన్న పూజ చేస్తారా, అమ్మోరు పండుగకు ఎవరింటికి వెళ్తారు, మీ పిల్లవాడు బడిలో హిందీ, తమిళం, ఉర్దూ, తెలుగులలో ఏది తీసుకున్నాడు అన్న ప్రశ్నలకు వచ్చే జవాబులన్నీ కలిపితే ఆ పేరు వస్తుంది. ఉగాదికి దేశమంతటా ప్రభుత్వ సెలవు ఇచ్చే చోటు ఇది. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు ఇక్కడే జరిగాయి. ఆ లెక్కన ఆవిడ తెలుగు, నేను ఉద్యోగం చేసుకోవడానికి వచ్చిన పరదేశిని. కాదనడానికి నా దగ్గర వాదన లేదు.

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. నేను పుట్టి పెరిగింది కాకినాడకు దిగువన, కోరంగి దగ్గర. బానిసత్వం రద్దవుతున్న రోజుల్లో ఇక్కడి చెరకు తోటలకు మనుషులు కావలసి, 1834 నుంచి భారతదేశం నుంచి ఒప్పంద కూలీలను ఓడలకెత్తి తెచ్చారు. తర్వాతి ఎనభై ఏళ్లకు పైగా కాలంలో అలా వచ్చినవారు నాలుగున్నర లక్షలకు పైమాటే. వారిలో మన కోస్తా నుంచి వచ్చినవారికి ఓడ ఎక్కిన రేవు పేరే స్థిరపడిపోయి, తోటల్లో వారిని కోరంగివాళ్లు అన్నారు. చిన్నప్పుడు మాకు కోరంగి అంటే మడ అడవులు, బడి పిల్లల విహారయాత్ర, 1839 తుఫానులో రేవు కొట్టుకుపోయిందని పెద్దలు చెప్పే ఒక ముక్క, అంతే. ఆ పేరు సముద్రం దాటి వెళ్లి కొన్ని వేల కుటుంబాలకు గుర్తయిందని మాకు ఎవరూ చెప్పలేదు. పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్‌కు మొదటిసారి వెళ్లినప్పుడు, కూలీలు ఓడ దిగి ఎక్కిన ఆ 16 రాతిమెట్లు ఏ స్థాయిలో ఉంటాయో అని ఊహించుకుంటూ వెళ్లాను. 2006లో యునెస్కో జాబితాకెక్కిన ఆ మెట్లు తీరా చూస్తే మా ఊరి చెరువు మెట్లకన్నా పెద్దవేం కావు.

ద్వీపం అనగానే ఊరి నుంచి ఫోన్ చేసేవారందరికీ నీలి సముద్రమూ కొబ్బరిచెట్లూ కళ్లకు కడతాయి. మేముండేది తీరంలో కాదు, మధ్య పీఠభూమి మీద, వాక్వాలో. 2011 జూన్‌లో దిగాం. రోహిణి కార్తె ఎండల్లోంచి వచ్చి, స్వెటరు అన్న వస్తువే లేకుండా ఇక్కడి చలికాలంలో పడ్డాం. పగలంతా ముసురు, రాత్రి వణుకు. మొదటి నెలలోనే బీరువాలో మా వారి తోలు బెల్టుకు పచ్చటి బూజు పట్టింది, నా పట్టుచీరలకు మచ్చలు వచ్చాయి. ఇప్పుడు ఎండ కనిపిస్తే చాలు, ఏ పని చేస్తున్నా ఆపి బీరువా తలుపులు తెరవడం నాకు అలవాటైపోయింది. సముద్రానికి ఏడాదికి అయిదారుసార్లు వెళ్తామేమో. అదీ ఇక్కడివారిలాగే ఆదివారం పూట, బిర్యానీ గిన్నెతో సహా, సరుగుడు చెట్ల నీడ వెతుక్కుంటూ వెళ్తాం.

భాష నాకు పట్టుబడింది ఆఫీసులో కాదు, బజారులో. అక్కడ కూరగాయలమ్మే ఆమె మొదటి వారం నాకు బీరకాయ చూపించి ‘పిపంగాయ్’ అంది. బెండకాయ ‘లాలో’, టమాటా ‘పోమ్ దామూర్’, మునగాకు ‘బ్రేద్ మురూమ్’, తోటకూర ‘బ్రేద్ మాల్బార్’. కొత్తిమీరను ‘కొతోమిలి’ అన్నప్పుడు, కరివేపాకును ‘కరిపులే’ అన్నప్పుడు దక్షిణాది నోళ్లలోంచి జారిన మాటలు ఫ్రెంచి పలుకుబడిలో నాని ఇలా తయారయ్యాయని అర్థమైంది. ఇక్కడ కూరగాయలను ‘లీవ్’ లెక్కన అమ్ముతారు. లీవ్ అంటే అరకిలో. అది తెలియక నేను చాలాకాలం కిలో ధర అనుకుని కొని, ఇంటికొచ్చి తూచుకుని, అమ్మేవాళ్లు మోసం చేస్తున్నారని మా వారి దగ్గర వాపోయేదాన్ని. మన మసాలా వడకు తమ్ముడి లాంటి ‘గాతో పిమా’ను ఇక్కడ వెన్న రాసిన రొట్టెలో పెట్టుకుని పొద్దున్నే తింటారు. మొదట్లో వింతగా చూసిన మేము ఇప్పుడు సెలవుల్లో కాకినాడ వెళ్లినా వడతో పాటు రొట్టె కోసం చూస్తాం. మా అత్తగారికి ఇది అస్సలు నచ్చదు.

భాష కన్నా మొండికేసింది పంచాంగం. ఉత్తరాయణం వస్తే సూర్యుడు మన వైపు తిరుగుతాడని, పగళ్లు పెరుగుతాయని విన్నవాళ్లం. ఇక్కడ సంక్రాంతి నాడు సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. ఆ మధ్యాహ్నం పెరట్లో నిలబడితే నీడ పాదాల కిందికి దూరిపోతుంది. ఆ తర్వాత ఆయన మమ్మల్ని వదిలి ఉత్తరానికి వెళ్లిపోతాడు, పగళ్లు తరిగిపోతాయి. మామిడి నవంబరు నుంచి జనవరి దాకా పండుతుంది కాబట్టి ఉగాదికి పచ్చి మామిడికాయ దొరకదు. అక్టోబరులో కోసిన ముక్కలను ఫ్రీజర్‌లో దాచి ఉగాది పచ్చడి చేయడం నా పద్ధతి. పక్కింటావిడ, ఆమెను మేము ఇక్కడివారిలాగే టాంటీన్, అంటే అత్త అని పిలుస్తాం, నా ఫ్రీజర్ మామిడిని చూసి నవ్వి, తమ ఇంట్లో ‘ఫ్రిసితేర్’ అనే పుల్లటి కాయతో చేస్తామన్నారు. అది శాస్త్రం కాదు కదా అని నేను అనబోయి ఊరుకున్నాను. ఆ రుతువు ఎరిగి కలిపిన పచ్చడి ఆవిడది.

సంక్రాంతి ఇక్కడ తుఫానుల కాలంలో పడుతుంది. తుఫాను హెచ్చరికలు నాలుగు తరగతులుగా వస్తాయి. మొదటిది ఒకటిన్నర రెండు రోజుల ముందు, చివరిది గంటకు 120 కిలోమీటర్ల ఈదురుగాలి నమోదయ్యాక. రెండో తరగతి వినగానే పిల్లల బడికి సెలవు, బకెట్లలో నీళ్లు, కొవ్వొత్తులు, దుకాణాల్లో రొట్టెల కోసం వరసలు. ఇదంతా పిల్లలకు పండుగలా ఉంటుంది. 2024 జనవరి 15, సోమవారం, సరిగ్గా సంక్రాంతి రోజున వచ్చిన బెలాల్ తుఫాను మాత్రం ఆ వరసను పాటించలేదు. ఉదయం అందరూ మామూలుగానే పనులకు వెళ్లారు. మధ్యాహ్నానికి పోర్ట్ లూయీ వీధుల్లో కార్లు తేలుతూ ఒకదానికొకటి గుద్దుకున్నాయి. నేను ఎబెన్‌లోని ఆఫీసు నుంచి ఇల్లు చేరడానికి నాలుగు గంటలు పట్టింది. వచ్చేసరికి టాంటీన్ మా కిటికీ రెక్కలు బయటి నుంచి తాడుతో కట్టేసి ఉన్నారు. 1960 ఫిబ్రవరిలో కరోల్ తుఫాను వచ్చినప్పుడు ఆవిడ తొమ్మిదేళ్ల పిల్ల. అప్పుడు ఊళ్లో కర్రా రేకూ ఇళ్లన్నీ ఎగిరిపోయాయట. ఈ దేశంలో ఇళ్లన్నీ సిమెంటు డబ్బాల్లా ఎందుకుంటాయని చూడవచ్చినవారు అడుగుతుంటారు. కరోల్‌ను చూసినవారెవరూ ఆ ప్రశ్న అడగరు. డాబాల మీద పైకి పొడుచుకు వచ్చిన ఇనుప ఊచలు మాత్రం తుఫాను కోసం కాదు, కొడుక్కి పెళ్లయితే వేయబోయే పై అంతస్తు కోసం. ఈ విషయంలో తూర్పుగోదావరికీ మారిషస్‌కూ తేడా లేదు.

ఆ డాబాలలో ఒకటి మాది కావాలని మేమూ ఒకప్పుడు ఆశపడ్డాం. 1975 నాటి చట్టం ప్రకారం విదేశీయులు ఇక్కడ ఇష్టం వచ్చిన చోట స్థలం కొనడానికి వీల్లేదు. అప్పట్లో అనుమతి పొందిన పథకాల్లోని ఇళ్లు, లేదా కొన్ని బహుళ అంతస్తుల భవనాల్లో నిర్ణీత ధరకు తగ్గని ఫ్లాట్లు కొనగలిగేవారు. ఆ ధరలు మా జీతాలకు అందేవి కావు. కాబట్టి అద్దె ఇల్లూ, ఇక్కడ ఉండి ఉద్యోగం చేసుకోవడానికి నా పేర పర్మిట్టూ. మా వారు ఆ పర్మిట్ మీద ‘ఆధారపడిన వ్యక్తి’గా నమోదయ్యారు. కాకినాడలో పెళ్లి సంబంధం మాట్లాడిన పెద్దలకు ఈ కాగితం చూపించాలని ఆయనే సరదా పడుతుంటారు. మొదట్లో మూడేళ్లకోసారి ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్షలు, నోటరీ ముద్రలతో పత్రాలు సమర్పించేవాళ్లం. 2020లో గడువును పదేళ్లకు పెంచారు. ఆ ఏడాదే పునరుద్ధరించుకున్నాం కాబట్టి 2030 దాకా మేము ఇక్కడివాళ్లమే.

విదేశీయులలోనూ తరగతులున్నాయి. సముద్రం ఒడ్డు విల్లాల్లో ఉండే ఫ్రాన్స్, దక్షిణాఫ్రికా మనుషులు ఎక్స్‌పాట్లు. బట్టల మిల్లుల్లో కుట్టే బంగ్లాదేశీ, మదగాస్కర్ పిల్లలు ‘త్రావాయేర్ ఎత్రాంజే’, అంటే విదేశీ కూలీలు. నేను ఈ రెంటి మధ్య ఎక్కడో ఉన్నాను, బ్యాంకుకు వెళ్తే ఒకటి, బస్సెక్కితే ఇంకొకటి. ఒకే రకం ముద్ర ఉన్న పాస్‌పోర్టుతో దిగిన మనుషులకు ఇన్ని పేర్లేమిటో, చెరకు తోటల పైన లేచిన దేశంలో ఈ విడదీత ఎవరికీ ఎబ్బెట్టుగా ఎందుకు తోచదో నాకిప్పటికీ అర్థం కాదు.

పేర్ల మాట వచ్చింది కాబట్టి 2020 లాక్‌డౌన్ సంగతి చెప్పాలి. మార్చి ఆఖరులో దుకాణాలు సైతం మూసేసి, ఏప్రిల్ మొదట్లో తెరిచినప్పుడు, ఇంటిపేరు మొదటి ఇంగ్లీషు అక్షరాన్ని బట్టి రోజులు పంచారు. ఎ నుంచి ఎఫ్ దాకా సోమ, గురువారాలు, జి నుంచి ఎన్ దాకా మంగళ, శుక్రవారాలు, ఓ నుంచి జడ్ దాకా బుధ, శనివారాలు. నా పాస్‌పోర్టులో మా నాన్నగారి ఇంటిపేరు కె అక్షరంతో, మా వారి పాస్‌పోర్టులో వారి ఇంటిపేరు వి అక్షరంతో మొదలవుతాయి. భార్యాభర్తలకు రెండు ఇంటిపేర్లు ఉండడం ఏమిటని దుకాణం గుమ్మం దగ్గర కాపలా అతను నన్ను పది నిమిషాలు నిలబెట్టాడు. సాయంత్రం గోడకు అటువైపు నుంచి టాంటీన్ విని, మీకు వారానికి నాలుగు రోజులు కలిసొచ్చాయి కదా అని నవ్వారు. తర్వాత కాసేపు ఆగి, ఇంటిపేరు అంటే ఏమిటని అడిగారు. ఆ మాట ఆవిడ ఎన్నడూ వినలేదు. ఓడ దిగినప్పుడు గుమస్తా పేరూ తండ్రి పేరూ అడిగి రాసుకున్నాడు, ఆ తండ్రి పేరే తర్వాతి తరాలకు వంశనామం అయింది. అసలు ఇంటిపేరు ఎవరూ అడగలేదు, ఎవరూ రాయలేదు.

అప్పటి నుంచి ఆవిడకు అది పట్టుకుంది. మోకా అనే ఊళ్లో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ వారి దగ్గర కూలీల రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. మనవడి చేత దరఖాస్తు పెట్టించి, ముత్తాత నమోదు నకలు తెప్పించుకున్నారు. గత ఏడాది ఒక సాయంత్రం దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని మా వంటింట్లోకి వచ్చారు. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు 22, ఎత్తు, కుడి భుజం మీద మచ్చ. జిల్లా గడిలో విజాగపటం, గ్రామం గడిలో రామపోరం.

ఆ గుమస్తా చెవికి రామపోరంగా వినిపించింది రామాపురమో రామవరమో చెప్పడం నా తరం కాదు. అప్పటి విశాఖపట్నం జిల్లా అంటే ఇప్పటి విజయనగరం, అనకాపల్లి, మన్యం ప్రాంతాలన్నీ కలిసిన పెద్ద జిల్లా. మన ఊళ్లలో రాముడి పేరున్నవి తీసేస్తే మిగిలేవెన్ని? ఫోన్‌లో మ్యాపు తెరిచి ఒకటి రెండు చూపించాను. తర్వాత ఆవిడ వేలు పట్టుకుని తీరం వెంట కిందికి, గోదావరి దాకా లాగి, కోరంగి ఇక్కడ, ఇది ఓడ ఎక్కిన చోటే, మీ ఊరు కాదు అని చెప్పాను. నేను పుట్టింది ఆ పక్కనే అని కూడా చూపించాను.

టాంటీన్ చాలాసేపు మ్యాపు వైపే చూశారు. తాము కోరంగివాళ్లమని చిన్నప్పటి నుంచి వింటూ వచ్చారట. కళ్లజోడు తీసి తుడుచుకుని, ‘‘అయితే కోరంగి మేం కాదన్నమాట, నువ్వా?’’ అన్నారు. కవరు మడిచి సంచిలో పెట్టుకుని, వెళ్తూ వెళ్తూ ప్రహరీ మీదికి వంగిన తమ చెట్టు నుంచి రెండు కరివేపాకు రెమ్మలు విరిచి నా చేతిలో పెట్టారు. ఆ మర్నాటి నుంచి గోడ అవతల నుంచి నన్ను పిలిచేటప్పుడు ఇండియన్ అనడం మానేశారు. ‘‘ఏ కోరంగి!’’ అని కేకేస్తున్నారు.