క్, యా, ట్: మా మిద్దె మీద ఇంగ్లీష్ క్లాసు

"పాపకి ఏబీసీడీలన్నీ వచ్చు మేడం, రైమ్స్ కూడా బాగా చెప్తాది, పుస్తకం ఇచ్చి చదవమంటే మాత్రం నోరు తెరవదు."

రెండేళ్ళ కిందట జూన్‌లో ఒకామె మా గేటు దగ్గర నిలబడి ఈ మాట చెప్పింది. వాళ్ళది కదిరి పక్కన పల్లె, ఆయన సెంట్రింగ్ పని, ఈమె బెంగళూరు మారతహళ్ళిలో రెండు అపార్ట్‌మెంట్లలో వంట చేస్తుంది, పాప ఇంగ్లీష్ మీడియం స్కూల్లో రెండో క్లాసు. ఇద్దరి సంపాదనలో ఫీజుకే ఎంత పోతుందో ఆమె వేళ్ళ మీద లెక్కేసి చెప్తుంటే నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. అప్పటికి నేను ఒక చిన్న ప్రైవేట్ స్కూల్లో ఆరేళ్ళు చేసి మానేసి ఇంట్లోనే ఉన్నాను. మున్నెకొళాలలో మా ఇంటి మిద్దె మీద వాటర్ ట్యాంక్ నీడన ఒక చాప, ఒక బోర్డు, అలా మొదలైంది. ఇప్పుడు 11 మంది పిల్లలు వస్తున్నారు, సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా.

ఆ పాప సంగతి చెప్తా. టెక్స్ట్ బుక్ తెరిచి చదవమన్నాను. గడగడా చదివేసింది. నాకు అనుమానం వచ్చి బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి నా వేలు కింది లైను మీదకి జరిపాను, పాప మాత్రం పై లైనే చెప్తూ పోయింది, అంటే చదవట్లేదు, పాఠం మొత్తం పాటలాగా కంఠతా పట్టేసింది. పలక మీద క్యాట్ రాశాను. "సీ ఏ టీ క్యాట్" అంది. ఒక్క అక్షరం మార్చి ఎం ఏ టీ అని రాశాను. "ఎం... ఏ... టీ..." అని ఆగిపోయి నా మొహంలోకి చూసి, "ఇది మా బుక్కులో లేదు మిస్" అంది.

ఆ మాట దగ్గరే ఉంది అసలు రోగం. పిల్లకి తెలివి లేక కాదు, అంత పాఠం కంఠతా పట్టిందంటే జ్ఞాపకశక్తి ఏ రేంజ్‌లో ఉందో ఆలోచించండి. కానీ అక్షరం పేరు వేరు, అక్షరం పలికే శబ్దం వేరు అని ఆ పిల్లకి రెండేళ్ళలో ఎవ్వరూ చెప్పలేదు. మనకి తెలుగులో ఆ ఇబ్బందే లేదు కదా, క పేరు క, దాని శబ్దమూ క, క, ల, ప కలిపితే కలప, పేర్లు వరసగా పిలిస్తే చాలు మాట వచ్చేస్తుంది. ఇక్కడి పిల్లలకి స్కూల్లో కన్నడ ఉంటుంది, కన్నడ అక్షరాలూ అంతే, గుణింతమూ మనలాగే. అదే అలవాటుతో ఇంగ్లీష్‌కి వచ్చి "సీ ఏ టీ" అని పేర్లు పిలిస్తే "సీయేటీ" వస్తుంది గానీ క్యాట్ ఎక్కడినుంచి వస్తుంది? పిల్ల చేసేది సరైన పనే, భాష వేరే రకం. 26 అక్షరాలు పెట్టుకుని సుమారు 44 శబ్దాలు రాసే భాష అది, అందులో అచ్చులు అయిదే, అచ్చు శబ్దాలేమో ఇరవై దాకా ఉంటాయి. ఆ సంగతి టీచర్ ముందే పిల్లలకి చెప్పకపోతే వాళ్ళకి తోచిన దారి కంఠతా పట్టడమే.

అక్షరాల పేర్లు కాకుండా శబ్దాలు నేర్పి, వాటిని కలిపి చదివించే ఫోనిక్స్ పద్ధతి గురించి చాలామందికి తెలిసే ఉంటుంది, ఇప్పుడు బెంగళూరులో ఏ ప్రీస్కూల్ బోర్డు చూసినా ఆ మాట కనిపిస్తుంది. కానీ దాన్ని మన పిల్లలకి చెప్పేటప్పుడు ఒక తిరకాసు ఉంది, నాకు అది పట్టుకోడానికి కొన్ని నెలలు పట్టింది. "బీ సౌండ్ ఏంటి?" అంటే మన పిల్లలు "బ" అంటారు. టీ అంటే "ట". మన నోటికి హల్లు ఒంటరిగా రాదు, వెనకాల అ తగులుకునే వస్తుంది. మరి "బ, యా, ట" అని ఎంత స్పీడుగా కలిపినా "బయాట" అవుతుంది తప్ప బ్యాట్ అవ్వదు. నెలల తరబడి కలపండి కలపండి అని పిల్లల్ని సతాయించాను, వాళ్ళు కలుపుతూనే ఉన్నారు పాపం, నేనిచ్చిన ముక్కలే తప్పు.

దీనికి మందు మన గుణింతంలోనే ఉంది. పొల్లు! క నెత్తిన పొల్లు పెడితే క్. ఒకరోజు బోర్డు మీద క రాసి, పక్కన క్ రాసి, "అ ని ఇంటికి పంపించేశాం, ఇప్పుడు ఎలా పలుకుతుంది?" అని అడిగాను. నాలుగో క్లాసు పిల్లోడు ఒకడు గొంతులో చిన్నగా "క్" అన్నాడు, గాలి ఆగిపోయినట్టు. అదే కావాలి! ఆరోజు నుంచి మా మిద్దె మీద ఇంగ్లీష్ హల్లులన్నిటికీ పొల్లు పెట్టే చెప్తాం. బ్, ట్, న్, ప్, స్. "పొల్లు పలుకు" అంటే చాలు పిల్లలకి అర్థమైపోతుంది. క్, యా, ట్. క్యాట్. ఇంగ్లీష్‌కి మాతృభాష అడ్డం అనేవాళ్ళని నాకు పిలిచి ఈ పొల్లు చూపించాలని ఉంటుంది.

పైన యా అని రాశాను గానీ అక్కడ య లేదు, మనకి దానికి సరైన అక్షరం లేక అలా రాస్తాం. అందుకే ఒకబ్బాయి డిక్టేషన్‌లో బ్యాగ్‌ని బీ వై ఏ జీ అని రాశాడు. అక్షరం లేకపోయినా శబ్దం మాత్రం మన నోట్లో ఉంది, కోస్తా వైపు వాళ్ళు "వచ్చాడు" అనేటప్పుడు ఆ "చా" ఎలా పలుకుతారో ఒకసారి చెవిపెట్టి వినండి. మా రాయలసీమలో "వచ్చినాడు" అంటాం కాబట్టి ఈ ఉదాహరణ మా పిల్లలకి పనికిరాదు, వాళ్ళకి నోరు ఎంత తెరవాలో అద్దంలో చూపిస్తాను.

డిక్టేషన్ తప్పులంటే నాకు భలే ఇష్టం, ఎర్ర పెన్నుతో కొట్టేసే ముందు ఒక్క నిమిషం ఆగి చూడండి, పిల్లల చెవి ఏం వింటుందో అక్కడ మొత్తం కనిపిస్తుంది. బస్ రాయమంటే ఒక పాప బీ ఏ ఎస్ ఎస్ యూ అని రాసింది. బస్సు! తను ఇంట్లో విన్నదాన్ని ఒక్క శబ్దం కూడా వదలకుండా రాసింది. మన మాటలు, అన్నం పుస్తకం లాంటి సున్నా మాటలు పక్కన పెడితే, దాదాపు అన్నీ అచ్చుతోనే ఆగుతాయి కాబట్టి బయటినుంచి వచ్చిన మాటకి కూడా తోక తగిలిస్తాం, బస్సు, కారు, పెన్ను, గేటు. కన్నడలోనూ బస్సు, కారు అనే అంటారు. ఎగ్ ని వై తో మొదలుపెట్టినవాళ్ళు ముగ్గురు, ఎందుకంటే మనం "ఎక్కడ" అని రాసి "యెక్కడ" అని పలుకుతాం. ఆ పాపని నేను తప్పు అనలేదు. "నువ్వు తెలుగు బస్సు రాశావు, కరెక్టుగా రాశావు, ఇప్పుడు ఇంగ్లీష్ బస్ రాద్దాం, చివర్న ఉ ని దింపేద్దాం" అన్నాను. రబ్బరు తీసుకుని తనే చెరిపేసింది.

అక్షరాలు ఏ నుంచి జెడ్ దాకా వరసగా చెప్పను. జాలీ ఫోనిక్స్ అని పేరున్న ఒక ఫోనిక్స్ కోర్సు ఉంది, వాళ్ళ వరసలో మొదటి ఆరు ఎస్, ఏ, టీ, ఐ, పీ, ఎన్, అదే పట్టుకున్నాను. ఈ ఆరిటితోనే సిట్, ప్యాన్, టిన్, న్యాప్, ట్యాప్, పిన్, యాంట్ ఇలా బోలెడు మాటలు వస్తాయి, అంటే మొదటి రెండు వారాల్లోనే పిల్లలు సొంతంగా ఒక మాట చదివేస్తారు. ఏ ఫర్ యాపిల్ నుంచి జెడ్ ఫర్ జీబ్రా దాకా వెళ్ళాకే చదువు మొదలు అంటే ఆ ఆనందం కోసం ఏడాది ఆగాలి, అప్పటికి సగం మంది విసిగిపోయి ఉంటారు.

చింతగింజల ఆట మాత్రం మా క్లాసుకి ప్రాణం. పలక మీద నాలుగు గళ్ళు గీసి, నేను ఒక మాట చెప్తే, ఒక్కో శబ్దానికి ఒక్కో గింజ గడిలోకి జరపాలి. ఇది నా తెలివి కాదు, ఎల్కోనిన్ అని సోవియట్ సైకాలజిస్ట్ ఒకాయన గళ్ళూ బిళ్ళలతో చేయించిన పద్ధతి, నేను బిళ్ళల బదులు మా అత్తమ్మ డబ్బాలోంచి చింతగింజలు తీసుకున్నాను. ఇందులో అక్షరాలు అసలు రాయం, చెవి మాత్రమే. క్యాట్‌కి మూడు. షిప్‌కి ఎన్ని? స్పెల్లింగ్ తెలిసిన పెద్ద పిల్లలు నాలుగు పెడతారు, తెలియని చిన్నవాళ్ళు మూడు పెడతారు, చిన్నవాళ్ళదే కరెక్ట్, ఎస్ హెచ్ రెండూ కలిసి ఒకటే శబ్దం. బాక్స్‌కి అక్షరాలు మూడే గానీ గింజలు నాలుగు కావాలి, బ్, ఆ, క్, స్. ఈ ఒక్కదాని మీద వాళ్ళలో వాళ్ళు పావుగంట వాదించుకున్నారు, నేను నోరు మూసుకుని కూర్చున్నాను, నా టీచింగ్ మొత్తంలో అంత మంచి పావుగంట ఇంకోటి లేదు.

చదవడం నిజంగా వచ్చిందా లేక మళ్ళీ కంఠతానా అని తెలుసుకోడానికి అర్థం లేని మాటలు ఇస్తాను, "నిప్", "సప్" లాంటివి కొన్నైనా నిజం మాటలు అయిపోతాయి కాబట్టి "విబ్", "వ్యాప్" ఇలా ఏవో కల్పిస్తాను. ఇంగ్లండ్‌లో 2012 నుంచి ఒకటో క్లాసు పిల్లలకి పెట్టే ఫోనిక్స్ చెక్‌లో 40 మాటలుంటే అందులో 20 ఇలా కల్పించినవే. బుక్కులో లేని మాట చదివితేనే చదవడం. ఇది ఇక్కడ పట్టుకోకపోతే ఎక్కడిదాకా పోతుందో పల్లె పిల్లల చదువు మీద చేసే సర్వే, 2023 అసర్ రిపోర్టు చూస్తే తెలుస్తుంది, వాళ్ళు పల్లెల్లో చూసిన 14 నుంచి 18 ఏళ్ళ పిల్లల్లో చిన్న చిన్న ఇంగ్లీష్ వాక్యాలు చదవగలిగింది 57.3 శాతమే. పద్దెనిమిదేళ్ళు! నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమందికి ఏడు, ఎనిమిది.

ఫోనిక్స్‌తో అన్నీ అయిపోతాయని చెప్పట్లేదు. ద, వాజ్, సెడ్, వన్ లాంటి మాటలు ఏ రూల్‌కీ పూర్తిగా లొంగవు, అవి మళ్ళీ మళ్ళీ చూసి గుర్తుపెట్టుకోవాల్సిందే. ఎడ్వర్డ్ డాల్చ్ అనే అమెరికన్ 1936లోనే అలా తరచూ వచ్చే మాటలు 220 లిస్టు చేశాడు, నేను వారానికి నాలుగు చొప్పున ట్యాంక్ మీద చాక్‌పీస్‌తో రాస్తాను, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ తాకి చదవాలి. బి, డి తారుమారు చేస్తారని కూడా భయపడకండి, ఈ వయసులో మామూలే, చెంచాని ఎటు తిప్పినా చెంచానే కదా, తిప్పితే పేరు మారిపోయే వస్తువు వాళ్ళు ఇప్పుడే మొదటిసారి చూస్తున్నారు.

నాకు బాధ కలిగించేది వేరే ఉంది. నేను చేసిన స్కూల్లో తెలుగులోనో కన్నడలోనో మాట్లాడితే పది రూపాయలు ఫైన్. నేను కూడా వసూలు చేశాను, ఇప్పుడు తల్చుకుంటే చాలా తప్పు చేశాననిపిస్తుంది. ఫైన్ భయానికి పిల్లలు ఇంగ్లీష్ మాట్లాడలేదు, అసలు మాట్లాడటమే మానేశారు. మాటే లేని చోట చదువు ఎక్కడ నిలుస్తుంది? అందుకే ఇక్కడ ముందు తెలుగులో చెప్పించుకుంటాను. "మీ నాన్న ఈరోజు ఏం పని చేశాడు?" అంటే "కమ్మీలు కట్టినాడు మిస్, చెయ్యి గీసుకుపోయింది" అంటాడు ఒకడు. దాన్నే ఇంగ్లీష్‌లో రెండు చిన్న వాక్యాలుగా బోర్డు మీద రాస్తాను, వాడే చదువుతాడు, నోట్సులో రాసుకుంటాడు, బొమ్మ గీస్తాడు. వాళ్ళ నాన్న ఉన్న పాఠం కాబట్టి ప్రతి మాటకీ అర్థం వాడికి ముందే తెలుసు. అలాంటి పేజీలు కుట్టి ఒక్కొక్కరికీ ఒక పుస్తకం చేశాం. ఇంకా కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ ఉంది, ఇది మన బెంగళూరు వాళ్ళదే, 2015లో మొదలైంది, లెవెల్ ప్రకారం కథలు ఫ్రీగా దొరుకుతాయి, ఒకే కథ తెలుగులో, కన్నడలో, ఇంగ్లీష్‌లో ఉంటుంది, ముందు తెలుగులో చదివి వినిపించి తర్వాత ఇంగ్లీష్ చూపిస్తే పిల్లల కళ్ళు ఎలా వెలుగుతాయో చూడాలి.

అమ్మానాన్నలు ఎప్పుడూ అడిగేది ఒకటే, "మాకు ఇంగ్లీష్ రాదు మేడం, ఇంట్లో మేమేం చెయ్యాలి?" నేను చెప్పేది, రాత్రి అన్నం తినేటప్పుడు తెలుగులో కథ చెప్పండి, "సంగటి మొదట్లో ఏం శబ్దం ఉంది, కూర చివర్న ఏం శబ్దం ఉంది" అని ఆట ఆడండి, చెవి ఏ భాషలో సానపట్టినా ఇంగ్లీష్‌కీ పనికొస్తుంది. ట్యూషన్‌కి ఇంకో వెయ్యి ఖర్చుపెట్టొద్దు. యూకేజీలోనే కర్సివ్ రాయించే స్కూలైతే ఆ నాలుగు గీతల పుస్తకం నింపడానికి పిల్లని రాత్రి పది దాకా కూర్చోబెట్టొద్దు, టీచర్‌తో నేను మాట్లాడతాను అని కూడా చెప్తాను, ఇద్దరు టీచర్లతో మాట్లాడాను కూడా.

మొదట చెప్పిన పాప మొన్న దసరాకి ముందు వెళ్ళిపోయింది. ఇక్కడ బిల్డింగ్ పని అయిపోయింది, వాళ్ళ నాన్నకి హోసూరులో కొత్త సైటు దొరికింది. రెండు రోజుల ముందు చెప్పారు, అప్పటికి మేము ఎస్ హెచ్ మొదలుపెట్టాల్సి ఉంది. చింతగింజలు ఒక గుప్పెడు కవర్లో కట్టి ఇచ్చాను. ఇప్పుడు రోజూ సాయంత్రం క్లాసు అయ్యాక వాళ్ళమ్మ వాట్సాప్‌కి ఒక వాయిస్ పెడతాను, రెండు శబ్దాలు, మూడు మాటలు. నిన్న రాత్రి తొమ్మిదిన్నరకి తిరిగి ఒక వాయిస్ వచ్చింది. వెనకాల కుక్కర్ విజిల్, పలక మీద గింజ జరుగుతున్న చప్పుడు, ఆ పిల్ల గొంతు: "ష్... ఇ... ప్. మూడే మిస్."