తోట బోదె మీద చెక్క వంతెన మళ్లీ వేయించాం

మాది కోనసీమ. కొబ్బరితోటలోకి వెళ్లాలంటే ఇంటి వెనక పంట బోదె దాటాలి. దాని మీద రెండు తాటి దూలాలు, అడ్డంగా చెక్కలు, మధ్యలో ఊతానికి ఓ గుంజ. పోయినేడు వానాకాలంలో కొబ్బరికాయల దింపు రోజున ఒక చెక్క పుటుక్కున విరిగి దింపు మనిషి కాలు సందులోకి దిగింది. పెద్ద దెబ్బ కాదు గానీ ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకుంది. స్లాబు వేసేయమన్నారు చాలామంది. మా గట్లు మెత్తన, స్లాబు బరువుకి కుంగితే అదో ఖర్చు. చెక్కతోనే వేద్దాం, కాకపోతే పాతది ఎక్కడ ఎందుకు కుళ్లిందో చూసుకుని వేద్దాం అనుకున్నాం.

వేసవిలో కాలవలకి నీళ్లు కట్టేసేదాకా ఆగి, నీటి సంఘం వాళ్లకీ, కాలవ చూసుకునే లస్కరుకీ ఓ మాట చెప్పి విప్పడం మొదలెట్టాం.

మా వడ్రంగి బాబాయ్ స్క్రూడ్రైవర్‌తో ప్రతి ముక్కనీ పొడుస్తూ పోయాడు. ఎప్పుడూ నీళ్లలో నానే గుంజే ముందు పోయుంటుందని మా లెక్క. పీకి చూస్తే బురదలో ఉన్న భాగం నల్లబడింది గానీ సుత్తితో కొడితే ఖంగుమంది. నీటిమట్టం ఎక్కీ దిగీ ఆడే చోట మాత్రం మూరెడు మేర సగానికి సగం తినేసింది. చెక్కని కుళ్లబెట్టే బూజుకి తడితో పాటు గాలి కూడా కావాలి, బురద అడుగున అది దొరకదు. అలాగని తడి లేకపోయినా బతకదు. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే భయం లేదు, 30 శాతం దగ్గరికెళ్లి అక్కడే ఉండిపోతే తినడం మొదలవుతుంది.

దూలాలదీ అదే వరస. మధ్యలో ఎంత వాన పడ్డా బాగానే ఉన్నాయి, గట్టు మట్టిలో కప్పిన కొసల్లో మాత్రం స్క్రూడ్రైవర్ పిడిదాకా దిగింది. తాటికి చేవంతా బయటి వైపే, లోపలంతా మెత్తటి పీచు, కోసిన కొస నుంచి నీళ్లు పీల్చుకుంటే పైకి బాగానే కనబడుతూ లోపల బోలైపోతుంది. చెక్కలు దూలం మీద ఆనిన చోట్ల ఎండుటాకులూ మట్టీ చేరి ముద్దకట్టాయి, ఆ ముద్ద తీస్తుంటే మేకు చుట్టూ ఉన్న చెక్క కూడా గోధుమరంగు పెచ్చులుగా చేతిలోకి ఊడొచ్చింది. అంటే వాన పడి జారిపోయిన చోట ఏమీ కాలేదు, నిలిచిన చోటే పోయింది.

కొత్త టేకు ధర మన వల్ల కాదు, పైగా లేత చెట్టు కలపలో తెల్ల చెక్కే ఎక్కువ, అది తొందరగా పోతుంది. పక్క ఊళ్లో పాత మండువా ఇల్లు పడగొడుతుంటే ఆ దూలాలు కొన్నాం. బర్మా టేకు అన్నారు, నిజమో కాదో గానీ చేవ మాత్రం బాగుంది. ఆ బర్మాలోనే అమరపుర దగ్గర ఊ బెయిన్ వంతెన అని ఉంది, 1850 ప్రాంతంలో టేకుతో కట్టింది, 1.2 కిలోమీటర్ల పొడవు, జనం ఇప్పటికీ నడుస్తున్నారు. దానికి కూడా పాడైన స్తంభాలు కొన్ని తీసి కాంక్రీటువి పెట్టారు లెండి.

ఈసారి గట్ల మీద సిమెంటు దిమ్మెలు పోసి, ఇనప పలక వేసి, దూలం కొసకి మట్టి తగలకుండా చుట్టూ గాలి ఆడేలా ఆనించాం. కొసలు బాగా ఎండాకే తారు పూశాం, పచ్చిగా ఉండగా పూస్తే తడి లోపలే ఉండిపోతుంది. దూలాల పైన జింకు రేకు టోపీలా వంచి, దాని మీద చెక్కలు చిటికెన వేలు పట్టే సందు వదిలి బిగించాం. మేకులు మానేసి జీఐ (జింకు పూత ఇనుము) బోల్టులు వేశాం. దూలాలు లావుగా ఉన్నాయి కాబట్టి మధ్య గుంజ అక్కర్లేకపోయింది, గుర్రపుడెక్క దానికి పట్టుకునే బాధ తప్పిందని లస్కరు కూడా సంతోషించాడు.

మందు సంగతి కూడా అడిగాం. బోరాక్స్ చవకే గానీ ఆరుబయట వానకి కరిగి పోతుంది, బ్రష్‌తో పూసే మందులు పైపైనే ఆగుతాయి, లోపలికి ఎక్కాలంటే ఫ్యాక్టరీలో ఒత్తిడి పెట్టి ఎక్కించాల్సిందే. అందుకని వాటి మీద డబ్బు పెట్టలేదు.

ఈ వానలు వెనకబట్టాక కొసల దగ్గర పొడిచి చూశాం, ఎక్కడా దిగలేదు. చేతికర్ర మాత్రం సరుగుడుదే, అది ఎన్నాళ్లో ఉండదని తెలిసే పెట్టాం, రెండు బోల్టులు విప్పితే ఊడొచ్చేలా.