అల్లుళ్ళకి వోచరా?

ఆదివారం, రాత్రి పదిన్నర.

పండక్కి వచ్చినవాళ్ళు వెళ్ళి పది రోజులైంది గానీ, బావ అన్న మాట నాన్న ఇంకా మర్చిపోలేదు. కనుమ నాడు భోజనాలయ్యాక పెరట్లో మడతమంచం వేసుకుని, "ఫైబర్ ఉందన్నారు, ఒక్క వీడియో కూడా కదలట్లేదేంటండీ మావయ్యగారూ" అన్నాడు. అంతే. ఇంటికొచ్చిన అల్లుడికి కూరలో ఉప్పు తక్కువైనంత బాధపడ్డారు ఆయన.

తప్పు ఫైబర్‌ది కాదు. మాది పాత మండువా ఇల్లు, మూరెడు మందం గోడలు. కేబుల్ కుర్రాడు వీధి గదిలో రూటర్ బిగించి వెళ్ళిపోయాడు. దాని సిగ్నల్ వంటింటి దాకా వచ్చేసరికే నీరసించిపోతుంది, ఇంక పెరటి దాకా ఎక్కడ వస్తుంది? అందుకే కేబుల్‌లో వచ్చే నెట్‌ని చుట్టుపక్కలకి వైఫైగా పంచే యాక్సెస్ పాయింట్లు, పొట్టిగా ఏపీలు, మూడు తెప్పించాను. మండువాలో ఒకటి, మేడ మీద నేను ఆఫీసు పని చేసుకునే గదిలో ఒకటి, వంటింటి వెనక వసారాలో ఒకటి. మూడింటికీ రూటర్ నుంచి కేబుల్ లాగాం.

పిన్ని కొడుకు హైదరాబాద్‌లో కంపెనీలకి నెట్‌వర్కులు పెడుతుంటాడు. "అన్నయ్యా, మూడు ఏపీలున్నప్పుడు కంట్రోలర్ లేకుండా ఎలా? అన్నిటి సెట్టింగులూ ఒకేచోటి నుంచి చూసుకునే చిన్న డబ్బానే, కొనెయ్యి" అన్నాడు ఫోన్లో. స్పీకర్లో వింటున్న నాన్న, "ఏపీ ఒకటే కదా, మూడెప్పుడయ్యాయి?" అన్నారు. రాష్ట్రం కాదు నాన్నా అని చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ కంట్రోలర్ నిజంగా కావాలా అన్నది ఇవాళ తేల్చుకుందామని కూర్చున్నాను.

పొద్దున కంట్రోలర్ లేకుండానే మొదలుపెట్టాను. మేం కొన్నవి టీపీ-లింక్ కంపెనీ ఒమాడా రకం, దేనికది విడిగా కూడా పనిచేస్తుంది. బ్రౌజర్లో ఒక్కోదాని పేజీ తెరిచి అదే వైఫై పేరు, అదే పాస్‌వర్డ్ మూడుసార్లు కొట్టాను. మూడోదాంట్లో ఒక అక్షరం తప్పు కొట్టి అరగంట తల పట్టుకున్నాను, అది వేరే సంగతి. వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్లో ఒకదానికొకటి అడ్డం రాకుండా 1, 6, 11 ఛానెళ్ళు తలా ఒకటి ఇచ్చాను.

తర్వాత అక్కకి వీడియో కాల్ చేసి అరుగు మీద నుంచి పెరట్లోకి నడిచాను. వంటిల్లు దాటేసరికి అక్క మొహం గళ్ళుగళ్ళుగా విడిపోయింది. వసారాలో ఏపీ నెత్తిమీదే ఉంది, ఫోను మాత్రం మండువాలోదాన్నే పట్టుకుని వేలాడుతోంది. ఏ ఏపీకి ఎప్పుడు మారాలో తేల్చుకునేది ఫోనే. పాతదాని సిగ్నల్ కాస్తయినా అందుతున్నంతసేపు చాలా ఫోన్లు దాన్ని వదలవు. మండువాలోదాని పవర్ తగ్గించి మళ్ళీ నడిచాను. ఈసారి ఒక్క క్షణం ఆగి, కాల్ అందుకుంది. "ఇంతకీ ఎందుకు చేశావురా?" అంది అక్క. వైఫై కోసం అంటే కోపం వస్తుందని, నాన్న మందుల సంగతి మాట్లాడి పెట్టేశాను.

మధ్యాహ్నం రెండో పరీక్ష. కంట్రోలర్ అంటే డబ్బానే కానక్కర్లేదు, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. లాప్‌టాప్‌లో వేసి మూడింటినీ దానికి అప్పజెప్పాను. సుఖం లేదని అనను. ఒకచోట మారిస్తే మూడుచోట్లా మారుతుంది, ఏ ఫోను ఎక్కడుందో కనిపిస్తుంది. ఫోను ఒక ఏపీ నుంచి ఇంకోదానికి త్వరగా మారేందుకు ఉండే ఫాస్ట్ రోమింగ్ కూడా పెట్టి నడిచాను. ఆ ఒక్క క్షణం ఆగడం తగ్గిందేమో, నా కంటికి మాత్రం తేడా తెలియలేదు. తర్వాత లాప్‌టాప్ మూసేశాను. వైఫై ఎక్కడా ఆగలేదు.

సాయంత్రం పూతరేకుల కోసం ఆత్రేయపురం బయల్దేరి లొల్ల లాకుల దగ్గర బండి ఆపాను. దాళ్వా, అంటే రెండో పంట కాలం కదా, కాలువ నిండా నీళ్ళు. షట్టర్లు ఎత్తి, వాటిని చూసుకునే లస్కర్ ఎటో వెళ్ళాడు, నీళ్ళు మాత్రం పారుతూనే ఉన్నాయి. కంట్రోలర్ కూడా ఇంతే. మన వీడియోలేవీ దాని గుండా పోవు. సెట్టింగులు ఏపీల్లోనే ఉంటాయి, అది పక్కకెళ్ళినా అవి పనిచేస్తాయి. అయితే దాళ్వాలో నీళ్ళు చాలకపోతే వంతులు పెడతారు, అప్పుడు లస్కర్ మాటిమాటికీ రావాల్సిందే. మా ఇంట్లో వంతులెక్కడివి? పాస్‌వర్డ్ మార్చేదే ఏడాదికోసారి, అదీ పక్కింటి కుర్రాళ్ళకి తెలిసిపోతే.

అదే లాడ్జీ అయితే నేనే కొనమంటాను. వచ్చినవాళ్ళకి లాగిన్ పేజీ, గంటల లెక్కన వోచర్లు కావాలంటే కంట్రోలర్ ఎప్పుడూ నడుస్తూనే ఉండాలి. ఫాస్ట్ రోమింగ్‌కీ అంతే. తమ్ముడు ఈ వోచర్ల సంగతి ఊరిస్తూ చెప్పాడు. పండక్కి వచ్చిన అల్లుడి చేతికి చీటీ ఇచ్చి, రెండు గంటలే వాడుకోండి బాబూ అంటే, ఈ గోదావరి జిల్లాలో మళ్ళీ తలెత్తుకు తిరగగలమా?

కాబట్టి డబ్బా కొనను. సాఫ్ట్‌వేర్ లాప్‌టాప్‌లోనే ఉంటుంది, అవసరమైన రోజు తెరుస్తాను. ఆ లాప్‌టాప్ పాడైతే ఏపీలని రీసెట్ చేసి మొదటికి రావాలి, అందుకని బ్యాకప్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి బీరువాలో పొలం కాగితాల పక్కన పెట్టాను. తమ్ముడికి చెప్తే "నీ ఇష్టం అన్నయ్యా" అన్నాడు, ఒప్పుకోనివాళ్ళు అనే పద్ధతిలో.

నాన్న ఇప్పుడు కొబ్బరితోటలో మోటారు షెడ్డుకి కూడా వైఫై కావాలంటున్నారు. కేబుల్ చెట్ల మీదుగా వేస్తే కమ్మ పడిన రోజు తెగుతుంది. నేలలో పైపు పెట్టి ఫైబరే వెయ్యాలి. రాగి తీగ అంత దూరం వేస్తే పిడుగుల భయం. మంగళవారం దింపువాళ్ళు వస్తున్నారు, కాయలు దింపాక దారి చూడాలి.