ఈఎఫ్ 60, దాని కింద లైను

ఇవాళ మంగళవారం, ఓపీ పల్చగా ఉంది. టూడీ ఎకోకి, అంటే గుండె స్కానింగుకి, వచ్చినవాళ్లలో చాలామంది చెకప్ ప్యాకేజీ వాళ్లే. నలభై దాటి, యాభై లోపు. నొప్పి లేదు, ఆయాసం లేదు, ఇంట్లోవాళ్లు పోరితే వచ్చారు.

పదకొండింటికి గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారం చేసే ఆయన వచ్చారు. వయసు నలభై ఆరు. ఎడమ పక్కకు తిరిగి పడుకోబెట్టి, జెల్ రాసి, పక్కటెముకల మధ్య ప్రోబు ఆనించాను. పంపింగ్ బాగుంది, ఈఎఫ్ (గుండె కింది గది ఒక్కోసారి పిండుకున్నప్పుడు బయటికి నెట్టే రక్తం శాతం) 60. గుండె గోడ మందం మాత్రం 12 మిల్లీమీటర్లు, ఉండాల్సిన దానికంటే కాస్త ఎక్కువ.

గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ కవాటం దగ్గర డాప్లర్ (రక్తం వేగం కొలిచే పద్ధతి) పెడితే ఒక్కో గుండె చప్పుడుకు తెరమీద రెండు గుట్టలు లేస్తాయి. కింది గది వదులై రక్తాన్ని లోపలికి తీసుకున్నప్పుడు మొదటిది. చివర్లో పై గది పిండుకుని మిగిలిన రక్తాన్ని నెట్టినప్పుడు రెండోది. వయసులో ఉన్నవాళ్లకి మొదటి గుట్టే ఎత్తు. ఈయనకి రెండోది ఎత్తుగా ఉంది. డెబ్బై ఏళ్ల పెద్దాయనలో ఇలా కనబడితే వయసు అనుకుంటాను. నలభై ఆరుకే కనబడితే బాధేస్తుంది. కవాటం అంచు కదిలే వేగం కూడా చూశాను. అదీ తక్కువే.

రిపోర్టులో ఈఎఫ్ 60, నార్మల్ అని ఉంటుంది. దాని కింద గ్రేడ్ 1 డయాస్టోలిక్ డిస్‌ఫంక్షన్ అని ఇంకో లైను. మొదటి లైను చూసి అందరూ హమ్మయ్య అనుకుంటారు, రెండోది ఎవరూ అడగరు. గుండె పిండుకునే బలం తగ్గకముందే వదులయ్యే గుణం తగ్గుతుందని ఆ లైను చెబుతోంది.

ఫైలు తిరగేశాను. బీపీ 138/88. పరగడుపు షుగర్ 108. రక్తంలో ఉండే ఒకరకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు, 180. మంచి కొలెస్ట్రాల్ 38. "అన్నీ బోర్డరేనమ్మా, మందులు అక్కర్లేదన్నారు" అన్నారాయన. విడివిడిగా చూస్తే బోర్డరే. కానీ నడుము, బీపీ, షుగర్, ట్రైగ్లిజరైడ్లు, మంచి కొలెస్ట్రాల్, ఈ అయిదింటిలో మూడు తప్పితేనే మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. ఈయనకి నడుము కొలవకుండానే నాలుగు తప్పాయి. పొట్ట లోపలి కొవ్వు వల్ల ఇన్సులిన్ సరిగా పనిచేయదు, బీపీ పెరుగుతుంది, ఆ ఒత్తిడి మీద ఏళ్ల తరబడి కొట్టుకుని గుండె కండరం మందమై బిగుసుకుంటుంది. ఇదంతా నొప్పి లేకుండానే జరిగిపోతుంది.

"నేను లావు కాదుగా, 66 కిలోలే, ప్యాంటు సైజు 34" అన్నారు. ప్యాంటు బొజ్జ కిందికి కట్టుకుంటే 34 సరిపోతుంది. టేపు తీసి, చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్య చుట్టాను. 97 సెంటీమీటర్లు. మన దేశంలో మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 హద్దు. చేతులు కాళ్లు సన్నగా, కొవ్వంతా పొట్టలో ఉండటం మనవాళ్లలో మామూలు. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ 2004లో పక్కపక్కన దిగిన ఫొటో ఒకటి లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరికీ బీఎమ్ఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 22.3. ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. తూకం చూసి ధైర్యపడేవాళ్లందరికీ ఆ ఫొటో చూపించాలనిపిస్తుంది.

రిపోర్టు వివరించాల్సింది డాక్టరు గారు, స్కాన్ తీసే నేను కాదు. అందుకే ఆయన భార్యతో ఒక్క మాటే చెప్పాను. "అక్కా, ఈ రెండో లైను ఏంటో డాక్టరు గారిని అడక్కుండా వెళ్లకండి." ఆవిడ ఆ కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోకుండా చేత్తోనే పట్టుకుని లోపలికెళ్లారు. బీపీ అదుపులోకి వచ్చి పొట్ట తగ్గితే మందమైన గోడ మళ్లీ కొంత పల్చబడుతుంది, ఇంకా సమయం ఉంది.

ఎకో ఫారంలో ఎత్తుకీ బరువుకీ గడులున్నాయి, నడుముకి లేదు. రేపు డాక్టరు గారిని అడిగి ఆ గడి కూడా వేయించాలి.