కైట్ బార్ వదలడం నేర్చుకుంటున్నాను
ఇన్నేళ్లు వేక్‌బోర్డ్ (పడవ లేదా కేబుల్ లాగుతుంటే బోర్డు మీద నీళ్లపై జారడం) చేశాను కదా, కైట్‌బోర్డింగ్ (పెద్ద గాలిపటం లాగుతుంటే అలా జారడం) తేలికే అనుకున్నాను. బోర్డు మీద నిలబడటం వరకు నిజమే. కానీ వేక్‌లో హ్యాండిల్ వదిలేస్తే లాగుడు అక్కడితో ఆగిపోతుంది. ఇక్కడ కైట్ తాళ్లు నడుముకి బెల్టులా కట్టుకున్న హార్నెస్‌కి తగిలించి ఉంటాయి. కైట్‌ని నడిపే చేతి కడ్డీనే బార్ అంటారు. కంగారులో బార్‌ని దగ్గరికి లాక్కుంటే కైట్ ఇంకా బలంగా ఈడ్చుకుపోతుంది, వదిలితేనే జోరు తగ్గుతుంది. రామేశ్వరంలో మొదటి రోజు నేను లాక్కున్నాను. ఇసుకలో బోర్లా పడ్డాను, చాలా భయం వేసింది.

హైదరాబాద్ వచ్చాక కరెంటు తీగలు లేని మైదానం వెతుక్కుని, పొద్దున్నే చిన్న ట్రైనర్ కైట్ ఎగరేస్తున్నాను. సంక్రాంతి పతంగులు ఎగరేసిన చేతులే, అయినా కొత్తగా ఉంది. ఇంట్లో హార్నెస్ కట్టుకుని, కళ్లు మూసుకుని క్విక్ రిలీజ్ (ప్రమాదంలో కైట్ లాగుడు ఆపేసే పిడి) తడిమి లాగడం సాధన చేస్తున్నాను. మళ్లీ కోచ్ దగ్గరికే వెళ్తాను. ఒడ్డు నుంచి సముద్రంలోకి వీచే గాలిలో మాత్రం దిగను.