కూటమి రోజు లెక్కలు

29 మార్చి 2025, శనివారం

రేపు ఉగాది. వేపపువ్వు కోసం రైతుబజారుకు వెళ్తే అక్కడా ఇదే గోల. మీనరాశిలో షష్ఠగ్రహ కూటమి, అంటే సూర్యుడు, చంద్రుడు, బుధుడు, శుక్రుడు, శని, రాహువు ఒకే రాశిలో చేరడం. పైగా అమావాస్య, సూర్యగ్రహణం, కాబట్టి భూకంపాల్లాంటి ఉపద్రవాలు తప్పవట. గ్రహణం మన దేశంలో కనిపించదని ఎవరికీ పట్టలేదు. నిన్న మయన్మార్‌లో 7.7 తీవ్రతతో భూకంపం రావడంతో ఇక ఆపేవాళ్ళే లేరు. "చూశావా, నేను పంపిన వీడియోలో చెప్పినట్టే అయింది" అని పిన్ని ఫోన్.

"శని మీనంలోకి వచ్చేది ఇవాళ కదా పిన్నీ, భూకంపం నిన్ననే వచ్చేసిందే" అన్నాను. "ప్రభావం ముందే మొదలవుతుందట" అంది. ఈ "అట"కి జవాబు చెప్పడం కష్టం.

ఆ భూకంపం వచ్చింది సగాయింగ్ ఫాల్ట్ మీద. మయన్మార్‌లో ఉత్తరం నుంచి దక్షిణానికి వెయ్యి కిలోమీటర్లకు పైగా సాగే పగులు అది. రెండు పక్కల నేలా ఒకదాన్నొకటి రాసుకుంటూ ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్లు జరగాలని చూస్తుంది. రాళ్ళు పట్టేసిన చోట బిగువు ఏళ్ళ తరబడి పేరుకుని, ఒక్కసారిగా తెగుతుంది. పాపం అక్కడ జనం ఇంకా శిథిలాల కింద ఉంటే, ఇక్కడ మనం రాశిచక్రం తిప్పుతున్నాం.

మధ్యాహ్నం కుదురుగా కూర్చుని, ఈ గ్రహాలు భూమిని ఎంత లాగి సాగదీయగలవో లెక్క వేశాను. ఆటుపోట్లు పుట్టించే బలం, దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. శుక్రుడు ఈ వారం బాగా దగ్గరగా, నాలుగు కోట్ల కిలోమీటర్ల చిల్లర దూరంలో ఉన్నాడు. అయినా చంద్రుడి బలంలో ఇరవై వేలో వంతే. శనిదైతే దాదాపు తొంభై లక్షలో వంతు. రాహువుకి బరువే లేదు, చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే చోటు మాత్రమే.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. సూర్యుడున్న రాశిలోనే శని కూడా ఉన్నాడంటే, మననుంచి చూస్తే సూర్యుడికి అవతల ఉన్నట్టు. అంటే దాదాపు గరిష్ఠ దూరం! 1962 ఫిబ్రవరిలో మకరంలో అష్టగ్రహ కూటమి అని దేశమంతా యజ్ఞాలు చేశారే, అప్పుడూ గురువు, శని ఇద్దరూ సూర్యుడికి అవతలే. అత్తయ్యకి అప్పుడు ఏడేళ్ళు. బడికి వెళ్ళక్కర్లేదని సంబరపడిందట, మర్నాడు మామూలుగానే బెల్లు కొట్టారట.

శని నిజంగా దగ్గరికొచ్చేది సెప్టెంబరు 21న. అప్పుడు ఇప్పటికంటే దాదాపు 30 కోట్ల కిలోమీటర్లు దగ్గర, రాత్రంతా కనిపిస్తాడు కూడా. ఆ రోజున పిన్ని వీడియో ఏమీ పంపదు, చూస్తూ ఉండండి.